టర్బో ఆఖర్న కొనాల్సిన సామాను

మొదటిసారి బండికి టర్బో పెట్టాలని సరదాపడేవాళ్లు ముందుగా కొనేది టర్బోనే. ఇంజన్ వదిలే పొగ తోపుకి తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలిని తోసే పంపు అది, కంటికి ఆనేదీ అదే మరి. నత్తగుల్లలా మెలికలు తిరిగి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది, చక్రాన్ని వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. దాన్ని తెచ్చి మంచం కింద పెట్టుకున్న రోజున సగం పని అయిపోయినట్టే ఉంటుంది. అసలు లెక్క తప్పేది అక్కడే, ఎందుకంటే మొత్తం ఖర్చులో టర్బో వాటా పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా ఆ టర్బో ఇంజన్‌ని చంపకుండా కాపలా కాయడానికే పోతుంది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో మెకానిక్ షెడ్డు వెనకాల, టార్పాలిన్ కప్పి, సగం విప్పిన ఇంజన్‌తో ఏడాదిగా పడున్న బండి ఉందంటే చాలావరకు కారణం ఇదే: డబ్బులు ఉండేవి, ఖర్చుపెట్టిన వరస తిరగబడింది.

ఇదేం నిన్న మొన్నటి పిచ్చి కాదు. 1978లో అమెరికాలో కవాసాకి జెడ్1ఆర్ టీసీ పేరుతో ఒక టర్బో బండి అమ్మారు, వారంటీ అడగనని సంతకం పెట్టి మరీ తీసుకెళ్లాల్సి వచ్చేది దాన్ని. తర్వాత 1982లో హోండా సీఎక్స్500 టర్బో, యమహా ఎక్స్‌జే650 టర్బో, 1983లో సుజుకి ఎక్స్‌ఎన్85, 1984లో కవాసాకి జీపీజెడ్750 టర్బో వరసగా వచ్చాయి, మళ్లీ అంత వేగంగానూ మాయమయ్యాయి. ఎందుకంటే ఆ 750 టర్బో 112 హార్స్ పవర్ ఇస్తుంటే, అదే 1984లో అదే కవాసాకి టర్బో గిర్బో ఏమీ లేకుండా 908 సీసీతో జీపీజెడ్900ఆర్‌ని దించింది, దాని పవర్ 115 దాకా ఉంది. ఎక్కువ పైపులు, ఎక్కువ వేడి, ఎక్కువ ధర పెట్టి అదే పికప్ ఎవరు కొంటారు? ఇప్పటికీ అంతే. ఉత్త పికప్ కోసమే అయితే సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి కొనుక్కోవడం చవక, అందులో వాదనకేం లేదు. టర్బో కట్టడం అనేది చేతులకు నూనె అంటించుకోవాలని ఉన్నవాడి పని, కాబట్టి ఆ సరదాకి ఎంత అవుతుందో మొదటి బోల్టు విప్పకముందే కాగితం మీద పెట్టుకోవాలి.

ముందు ఏ బండి అన్నది తేలాలి. మన ఊళ్లలో కుర్రాళ్ల చేతుల్లో ఉన్నవాటిని చూస్తే 350 బుల్లెట్, క్లాసిక్‌లు బోలెడు, 390 డ్యూక్‌లు కొన్ని, 650 ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీలు ఇంకొన్ని. 350 మీద అందరికీ మోజు, కానీ మొదటి టర్బోకి అది తగినది కాదు. 349 సీసీ సింగిల్ ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి పీల్చే గాలి అటూ ఇటూగా ఒక కిలో. అంత తక్కువ గాలికి బజారులో దొరికే చిన్న టర్బో కూడా సరిగ్గా నిద్ర లేవదు. పైగా సింగిల్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గుటకేసినట్టు గాలి మింగుతుంది, మధ్యలో టర్బో తోసిన గాలి ఎక్కడికి పోవాలో తెలియక వెనక్కి కొడుతుంది. దానికోసం గాలి నిలవుండే డబ్బా ఒకటి, ప్లీనం అంటారు, తయారుచేసి ఎక్కడో ఇరికించాలి. చేసినవాళ్లు లేకపోలేదు, కాకపోతే అది రెండో ప్రాజెక్టుకి పెట్టుకోవాల్సిన పని.

390 డ్యూక్ ఇంజన్ గట్టిదే, అయితే దాని కంప్రెషన్ రేషియో, అంటే లోపలి గాలిని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పే అంకె, 12.6. అంటే ముందే నిండుగా కూరిన సంచీ, అందులో ఇంకా కూరాలంటే ముందు ఇంజన్ విప్పి ఆ రేషియో తగ్గించాలి. ఖర్చు అక్కడే మొదలు.

650 మీద లెక్క వేరేగా వస్తుంది. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 బీహెచ్‌పీ, కంప్రెషన్ రేషియో 9.5, ఫ్యూయల్ ఇంజెక్షన్ కంపెనీ నుంచే ఉంది. ఇంకో సంగతి కూడా కలిసొస్తుంది. జపాన్‌లో కెయి కార్లని బుల్లి కార్లు ఉంటాయి, వాటి ఇంజన్ 660 సీసీ దాటకూడదని అక్కడి రూలు, పవర్ 64 పీఎస్ దాటకూడదని కంపెనీల మధ్య ఒప్పందం. అలాంటి కార్లకు దశాబ్దాలుగా టర్బోలు పెడుతూనే ఉన్నారు. అంటే 650 ఇంజన్ సైజుకి సరిగ్గా కుదిరిన టర్బోలు ఎప్పుడో తయారై ఉన్నాయి, మనం కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. ఇక్కడి నుంచి లెక్కలన్నీ 650 మీదే.

ఎంత పవర్ కావాలి అని అడిగితే చాలామంది వంద అంటారు. వంద అనగానే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్లచ్, చెయిన్ అన్నీ మారాలి, బడ్జెట్ బండి ధరని దాటిపోతుంది. కంపెనీ పిస్టన్లతో మొదటి బండికి 60 నుంచి 65 దాకా పెట్టుకుంటే చాలు, కింద నుంచి లాగే తీరులో తేడా బాగా తెలుస్తుంది.

ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. మామూలు గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. దానికి 5 పీఎస్‌ఐ బూస్ట్, అంటే టర్బో అదనంగా తోసే ఒత్తిడి, కలిపితే ఒత్తిడి 1.34 రెట్లు అవుతుంది. అయితే పవర్ కూడా 1.34 రెట్లు పెరుగుతుందనుకోవడం పొరపాటు. సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు మొదలు కాలినట్టు, గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడి గాలి పల్చబడుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి చిన్న టర్బోలోంచి 5 పీఎస్‌ఐతో బయటికొచ్చేసరికి 80 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని లెక్కలోకి తీసుకుంటే ఇంజన్‌లోకి అదనంగా వెళ్లే గాలి 18 శాతమే, అంటే 47 కాస్తా 55 అవుతుంది. అదే 7 పీఎస్‌ఐ పెట్టి, మధ్యలో ఇంటర్‌కూలర్‌తో గాలిని 55 డిగ్రీలకు దించగలిగితే 41 శాతం ఎక్కువ గాలి వెళ్తుంది, పవర్ లెక్కకు 66 దాకా వస్తుంది, సైలెన్సర్ వైపు టర్బో అడ్డం వల్ల పోయేది పోగా 60 పైన నిలబడుతుంది. రెండు పీఎస్‌ఐ బూస్ట్ కన్నా ఆ పాతిక డిగ్రీల చల్లదనమే విలువైనది. మన వైపు ఎండలకీ, సముద్రపు తేమకీ ఇంటర్‌కూలర్ అలంకారం కాదు. తేమ సంగతి ఎటూ వచ్చింది కాబట్టి, ఉక్కపోత రోజున గాలిలో నాలుగు శాతం దాకా నీటి ఆవిరే ఉంటుంది, ఆ మేరకు ఇంజన్‌కి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. జనవరి పొద్దున రెచ్చిపోయిన బండి మే సాయంత్రం నీరసంగా ఉంటే టర్బో పాడైందని కంగారుపడనక్కర్లేదు.

వేడి గాలితో ఇంకో ప్రమాదం ఉంది, డబ్బు అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట సిలిండర్ అంతా వరసగా పాకాలి. లోపల ఒత్తిడీ వేడీ ఎక్కువైతే మంట చేరకముందే మూలనున్న పెట్రోల్ తనంతట తానే పేలుతుంది. నాకింగ్ అంటాం. మామూలు ఇంజన్‌లో అది టకటకమనే చప్పుడు, బూస్ట్ కింద అయితే కొన్ని సెకన్లలోనే పిస్టన్ అంచు విరుగుతుంది, లేదా నడినెత్తిన చిల్లు పడుతుంది. హెల్మెట్లో, గాలి హోరులో ఆ చప్పుడు వినిపిస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు.

అందుకే ఆ పాత ఫ్యాక్టరీ టర్బోలన్నీ కంప్రెషన్ తగ్గించుకునే వచ్చాయి. మామూలు సీఎక్స్500లో రేషియో 10 ఉంటే టర్బో దాంట్లో 7.2. జీపీజెడ్ 750లో 9.5 ఉంటే టర్బో దాంట్లో 7.8. మన 650లో 9.5 ఉంది, 5 పీఎస్‌ఐకి జాగ్రత్తగా ట్యూన్ చేస్తే అలాగే నడిపించుకోవచ్చు. 7 పీఎస్‌ఐ అంటే కొంచెం తగ్గించుకోవడం మంచిది. సిలిండర్ బ్లాక్ కింద ఒక మిల్లీమీటరు అల్యూమినియం ప్లేటు, రెండు వైపులా ప్యాకింగులు వేసి ఎత్తితే చాలు. 78 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక్కో సిలిండర్లో 4.8 సీసీ ఖాళీ పెరుగుతుంది, రేషియో 9.5 నుంచి 8.5 దగ్గరికి దిగుతుంది. మంచి లేత్ వర్క్స్ ఉన్న ఏ ఊళ్లోనైనా ఆ ప్లేటు కొట్టించుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దదేం కాదు. దాంతో వచ్చే చిక్కులు రెండు. హెడ్డు పైకి లేవడంతో టైమింగ్ చెయిన్ లాగి, వాల్వులు తెరిచే క్యామ్ కాస్త వెనకబడుతుంది, పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య ఉండాల్సిన సన్నటి సందు పెద్దదై, నాకింగ్‌ని ఆపే గాలి సుడి తగ్గుతుంది. ఈ రెండో కారణం వల్లే రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తేద్దాం అనే ఆలోచన పనికిరాదు. అంత తగ్గించాలంటే పిస్టన్లే మార్చాలి.

పెట్రోల్ ఎంత కావాలో ఇప్పుడు చూడాలి. టర్బో ఇంజన్ ఒక్కో హార్స్ పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుందని లెక్క. 66 హార్స్ పవర్‌కి గంటకు 18 కిలోలు, అంటే 24 లీటర్లు. నిమిషానికయ్యే 400 సీసీని పెట్రోల్ చిమ్మే రెండు ఇంజెక్టర్లు పంచుకోవాలి, ఇంజెక్టర్‌ని ఎనభై శాతం మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి ఒక్కోటి 250 సీసీది కావాలి. మనం పోయించుకునేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, దానికి మామూలు పెట్రోల్ కన్నా దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. మొత్తానికి 300 సీసీ ఇంజెక్టర్లు రెండు. ఇథనాల్‌ని తిట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, మైలేజీ విషయంలో ఆ కోపం న్యాయమే, కానీ టర్బో ఇంజన్‌కి మాత్రం అది చుట్టమే, దాని ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. అయితే దాని గుణం ఒకటి గుర్తుంచుకోవాలి: నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు పట్టుకుంటుంది. ప్రాజెక్టు బండి అంటేనే నెలల తరబడి కదలని బండి, పైగా మనది తేమ నేల.

ఇంజెక్టర్లు మార్చితే సరిపోదు. ఇంజెక్షన్ లైన్లో ఒత్తిడి మామూలుగా 3 బార్ దగ్గర ఉంటుంది. బూస్ట్ వచ్చినప్పుడు ఇంజెక్టర్ మూతి దగ్గర గాలి ఎదురు తోస్తుంది, 5 పీఎస్‌ఐకే పెట్రోల్ ఆరు శాతం దాకా తగ్గిపోతుంది, అది కూడా సరిగ్గా ఎక్కువ కావాల్సిన సమయంలో. అందుకని బూస్ట్‌ని బట్టి ఒత్తిడి పెంచే రెగ్యులేటర్, ట్యాంకులోకి తిరుగు పైపు పెట్టాలి, లేదా ఈ తగ్గుదలని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లెక్కలో కలపాలి. కంపెనీ ఈసీయూ దీనికి సరిపోదు, దానికున్న మ్యాప్ సెన్సర్ మామూలు గాలి ఒత్తిడి దాకా చూస్తుంది, ఆపైన గుడ్డిది. 2.5 లేదా 3 బార్ మ్యాప్ సెన్సర్, దాన్ని చదవగల ప్రోగ్రామబుల్ ఈసీయూ కావాలి. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకి స్పీడుయినో ఉంది. ఆర్డుయినో బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ, బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు ఒకడు పక్కనుంటే వైరింగ్ పూర్తవుతుంది. ఆ కుర్రాళ్లకి రాజాంలో, విజయనగరంలో, టెక్కలిలో కొదవలేదు.

దీనితోపాటు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 లాంటిది సైలెన్సర్ బెండ్‌లో, టర్బో దాటాక బిగించి, గాలి పెట్రోల్ పాళ్లు ఎంత ఉన్నాయో క్షణక్షణం చూడాలి. ఆ పాళ్లని లాంబ్డా అనే అంకెతో చెబుతారు, సరిగ్గా సరిపోతే అది 1. బూస్ట్ కింద లాంబ్డా 0.8 దగ్గర ఉండాలి, అంటే పెట్రోల్ కావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే పడాలి. ఈ ఒక్క గేజీ మీద డబ్బు మిగుల్చుకుందామని చూసినవాళ్లు తర్వాత పిస్టన్ల మీద పెట్టారు.

సాలూరు లారీ షెడ్ల మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఉత్తరాంధ్రలో టర్బో గురించి చేతితో తెలిసినవాళ్లు అక్కడ దొరుకుతారు. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, పక్కకి కాస్త ఆడితే ఫర్లేదు, ముందుకీ వెనక్కీ ఆడితే పారేయమని చెప్పేస్తారు, సీలు పోయిందో లేదో పైపులో నూనె మరక చూసి చెబుతారు. పాత టర్బో కొనేటప్పుడు వాళ్ల చూపు పక్కన ఉంటే ఎంతో కలిసొస్తుంది. "బుల్లెట్‌కా? పెట్టేద్దాం, ఏటవుద్ది?" అని ధైర్యం కూడా చెబుతారు. ఒక్కచోట మాత్రం ఆ అనుభవం తిరగబడుతుంది. డీజిల్ ఇంజన్‌లో పడే డీజిల్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, అంతా మంచికే. పెట్రోల్ ఇంజన్‌కి బూస్ట్ కింద పెట్రోల్ తగ్గిస్తే వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, సీజ్ అయ్యేదాకా వెళ్తుంది. ముప్ఫై ఏళ్లు డీజిల్ పంపులు సెట్ చేసిన చెయ్యి, నల్లపొగ చూడగానే అలవాటుగా తగ్గించే వైపే తిరుగుతుంది. తప్పు ఆ మెకానిక్‌ది కాదు, లాంబ్డా గేజీ చూడకుండా ఎవరి చెవినీ ముక్కునీ నమ్మకూడదు, అంతే.

ఆయిల్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షన్నర చుట్లు పైన తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. లోపలికి పోయే ఆయిల్ పైపు సన్నంగా ఉన్నా చాలు, ఒత్తిడితో వస్తుంది. బయటికి వచ్చే పైపుకి ఒత్తిడి ఉండదు, నురగతో కలిసి కిందికి కారాల్సిందే, అందుకే అది కనీసం అర అంగుళం లావుండాలి, ఎక్కడా పైకి వంగకూడదు, ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే సంపులో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. కార్లో టర్బో ఎత్తున ఉంటుంది, ఇది సులువు. బండిలో చోటు దొరికేది ఇంజన్ ముందు బెండ్ పైపుల కిందో, ఇంజన్ అడుగునో, రెండూ దాదాపు సంపు మట్టంలోనే. అప్పుడు ఆయిల్ తనంతట పోదు, టర్బోలో నిండి సీళ్ల సందుల్లోంచి సైలెన్సర్లోకి కారుతుంది. నీలం పొగ చూసి టర్బో పోయిందనుకుని ఇంకో టర్బో కొంటారు, అదీ అలాగే పొగ కక్కుతుంది. మందు టర్బో మార్చడం కాదు, ఆయిల్‌ని లాగి సంపులో పోసే చిన్న స్కావెంజ్ పంపు. దాన్ని మొదటి రోజే లిస్టులో రాసుకోవాలి. టర్బో ఎత్తులో కుదిరితే పంపు అవసరం తప్పుతుంది, కాబట్టి బెండ్ పైపు వంచకముందే అట్టముక్కలతో, పీవీసీ పైపు ముక్కలతో నమూనా పెట్టి చూసుకుంటే కొన్ని వేలు మిగులుతాయి.

ఇంకొకటి, 650లో ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్. టర్బో వేడి ఆ ఆయిల్‌లోకే వస్తుంది. టర్బోకి మంచిదని కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. జాసో ఎంఏ2 ముద్ర ఉన్న ఫుల్ సింథటిక్ వాడుతూ, కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చేయడం సరైన దారి. ఆగేముందు నిమిషం సేపు ఐడిల్‌లో ఉంచాలి, అనంతగిరి ఘాటో సుంకి ఘాటో ఎక్కించినంత లోడు పడితే ఇంకా ఎక్కువ సేపు. క్లచ్ స్ప్రింగులు కూడా మార్చాలి, 52 న్యూటన్ మీటర్ల టార్కుకి చేసిన క్లచ్ 70 దాటితే పట్టు వదులుతుంది.

ఇప్పుడు టర్బో. ఐహెచ్‌ఐ ఆర్‌హెచ్‌బీ31 తరహా చిన్నవి ఈ పనికి పేరున్నవి, వాటి నకళ్లు ఆన్‌లైన్‌లో బాగా తక్కువకి వస్తాయి, అయితే కస్టమ్స్, జీఎస్టీ, కొరియర్ కలిపి ధర మీద ఇంకో సగం వేసుకునే లెక్క రాసుకోవాలి. రెండో దారి తుక్కు అంగడి. 1.3 లీటర్ డీజిల్ స్విఫ్ట్ టర్బో తేలిగ్గా దొరుకుతుంది, 648 సీసీకి కాస్త పెద్దది, ఆలస్యంగా లేస్తుంది కానీ పనిచేస్తుంది. దానికన్నా సరదా అయినది మారుతి 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ది, 2015లో సెలేరియోలో వచ్చింది, తర్వాత సూపర్ క్యారీ గూడ్స్ బండిలోనూ పెట్టారు. సైజు మనకి దగ్గర, మనకీ రెండు సిలిండర్లే. డీజిల్ టర్బోలన్నిటికీ ఉన్న లోపం ఒకటే, డీజిల్ పొగ కన్నా పెట్రోల్ పొగ 150, 200 డిగ్రీలు ఎక్కువ వేడి, ఆ పోత ఇనుము అంత వేడికి చేసింది కాదు. తక్కువ బూస్ట్‌తో, అప్పుడప్పుడు లాగే బండికి నడుస్తుంది, పూటంతా గుద్దేవాడికి పగుళ్లు తేలతాయి. ఏది కొన్నా వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగని పక్కకి వదిలే తలుపు) స్ప్రింగు ఎన్ని పీఎస్‌ఐకి తెరుచుకుంటుందో చూసుకోవాలి, బూస్ట్ దానికన్నా కిందికి దించలేం. లారీదైనా కారుదైనా 15 పీఎస్‌ఐ స్ప్రింగుతో వస్తే అలాగే బిగించడం ఆత్మహత్య.

వెల్డింగు మన దగ్గర చవకే, ఆర్గాన్ వెల్డింగ్ బాగా చేసేవాళ్లు విశాఖ ఆటోనగర్‌లో, మన జిల్లా కేంద్రాల్లో కూడా ఉన్నారు. టర్బో బరువంతా బెండ్ పైపు మీద వేలాడకుండా ఫ్రేముకి బ్రాకెట్ కట్టించాలి, లేకపోతే వేడికీ అదురుకీ వెల్డు విరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పిసినారితనం వద్దు. టెక్కలి క్వారీల వైపు రాతిపొడి, మిగతా చోట్ల ఎర్రమట్టి, అంత వేగంతో తిరిగే చక్రానికి ఇసుక రేణువంటే రాయి కిందే లెక్క.

మొత్తం పంపకం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. బండి ధర కాకుండా చేతిలో రెండున్నర లక్షలు ఉన్నాయనుకుందాం. ఈసీయూ, సెన్సర్లు, వైడ్‌బ్యాండ్, ఇంజెక్టర్లు, రెగ్యులేటర్, వైరింగ్ కలిపి 70 వేలు. బెండ్ పైపు, ప్లీనం, ఇంటర్‌కూలర్, వెల్డింగు 35 వేలు. ఇంజన్ విప్పి ప్లేటు, ప్యాకింగులు, క్లచ్ స్ప్రింగులు వేయడానికి 20 వేలు. ఆయిల్ పైపులు, స్కావెంజ్ పంపు 20 వేలు. టర్బో 20 వేలు. ట్యూనింగుకీ ప్రయాణాలకీ 30 వేలు. మిగిలిన 55 వేలు ముట్టుకోకూడదు, అది రెండోసారి చేయాల్సి వచ్చే పనులకి, రెండోసారి చేయకుండా పూర్తయిన మొదటి బండి ఉండదు. ఇవి కొటేషన్లు కావు, ఊరుని బట్టి, బేరాన్ని బట్టి అంకెలు మారతాయి, పాళ్లు మాత్రం పెద్దగా మారవు. లక్షన్నరే ఉందా, బూస్ట్ 5 పీఎస్‌ఐకి దించుకో, ఇంజన్ విప్పే పని మానుకో, కానీ మొదటి పద్దులో వైడ్‌బ్యాండ్‌ని కొట్టేయకు.

వరస ఏమిటంటే, ముందు ఈసీయూ, వైడ్‌బ్యాండ్, పెద్ద ఇంజెక్టర్లు బిగించి, టర్బో లేకుండానే బండి నడిపించాలి. చల్లటి పొద్దున స్టార్ట్ కావాలి, ఐడిల్ నిలబడాలి, లాంబ్డా చెప్పినట్టు వినాలి. దీనికి ఒక నెల పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. ఇక్కడ ఆగిపోయినా నష్టం లేదు, బండి తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే ఆయిల్ లైన్లు, బెండ్ పైపు, చివర్న టర్బో. టర్బో ముందే కొన్నవాడు దాన్ని బిగించకుండా ఉండలేడు, పాత ఈసీయూతోనే ఒక్కసారి తిప్పి చూద్దాం అనుకుంటాడు. అసలు ప్రమాదం ఆ ఒక్కసారిలోనే.

రోజూ తగరపువలసకో విశాఖకో డ్యూటీకి వెళ్లేది ఆ బండి మీదే అయితే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టకపోవడం మేలు, లేదా లిస్టులో సెకండ్ హ్యాండ్ స్కూటీ ఒకటి చేర్చుకోవాలి.

చట్టం సంగతి ఖర్చుల లెక్కలోకే వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దానికన్నా భారమైనది ఇన్సూరెన్స్. మార్పు సంగతి చెప్పని బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర కంపెనీ అడ్డం తిరగడానికి అది చాలు, అవతలివాడికి కట్టాల్సిన డబ్బు మన మెడకే చుట్టుకోవచ్చు. కాబట్టి టర్బో బండిని హైవే మీదికి కాకుండా ట్రాక్ బండిగానే లెక్కకట్టుకోవాలి. ట్రాక్ అంటే మనకి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, అదీ ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, లేకపోతే ఇంకా దూరాన కోయంబత్తూరు. బండిని వ్యానులో వేసి తీసుకెళ్లాలి, ట్రాక్ ఫీజు, రైడింగ్ సూటు, రెండు రాత్రుల బస. పైన రాసిన ముప్ఫై వేలు ఒక్క ప్రయాణానికే సరిపోతాయి. ఏడాదికి రెండుసార్లు వెళ్తాననుకునేవాడు ఆ ఖర్చు పక్కన వేరే గీత గీసి రాసుకోవాలి.

ట్యూనింగు డైనో (బండిని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించుకోవడం అన్నిటికన్నా క్షేమం, అదెలాగూ పెద్ద నగరంలోనే, కాబట్టి ట్రాక్ ప్రయాణంలోనే కలుపుకుంటే ఒక వ్యాను కిరాయి మిగులుతుంది. వెళ్లేముందు లిస్టు పక్కన ఇంకో చిన్న లిస్టు ఉండాలి: విడిగా రెండు సెట్ల ప్లగ్గులు, ఒక హెడ్డు ప్యాకింగు, అయిదు లీటర్ల ఆయిల్, హోస్ క్లిప్పులు ఓ డజను, ల్యాప్‌టాప్ చార్జర్. మొదటి రన్ వేస్ట్‌గేట్ స్ప్రింగు బూస్ట్ మీదే చేసి, ఈసీయూ రాసుకున్న లాగ్ తెరిచి, 4,000 ఆర్‌పీఎం నుంచి పైకి లాంబ్డా గీత, గాలి వేడి గీత పక్కపక్కన పెట్టి చూడాలి. లాంబ్డా 0.85 దాటి పైకి పోతోందంటే అక్కడే ఆపి ఇంజెక్టర్లో, పంపులో, రెగ్యులేటర్లో ఎక్కడ తగ్గుతోందో వెతకాలి, బూస్ట్ జోలికి ఆ రోజు వెళ్లకూడదు.